ఆదివారం వంతు

కౌజుల గుట్ట వాకర్స్ సంఘం పెద్దలారా, మా మామ వెంకటనర్సయ్యను బోనెక్కించింది అడవి ఆఫీసు వాళ్లని మీరు చెప్పుకుంటున్నారు. అబద్ధం. ఎక్కించింది మీరు. మీ సెక్రటరీ రఘునందన్ గారు, ఆయన ఏం చెప్పినా తలూపిన మీరు నూట ఇరవై మంది. ఆ పనిలో నా చెయ్యీ ఉంది. దాన్ని నేను దాచను. ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను, తప్పుంటే తప్పని నా ముఖం మీదే చెప్పండి.

అది రెండువేల సంవత్సరం చలికాలం. ఫిల్మ్ నగర్ వెనక బండల మీద మా బస్తీ, ఏడిళ్లు. మగవాళ్లు బండ కొడతారు. జూబ్లీహిల్స్‌లో ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా ముందు బండ పగలాలి, పగలాలంటే మా వాళ్లు రావాలి. మా ఆయన నర్సింహ ఒక్కడే వేరే దారి పట్టాడు. స్టూడియోలో సెట్టింగుల పని. తండ్రి నిజం బండలు పగలగొడితే కొడుకు ప్లాస్టర్‌తో ఉత్తుత్తి బండలు చేసేవాడు.

బస్తీ వెనక కౌజుల గుట్ట. సర్కారు అడవి. సీతాఫలం చెట్లు, తుమ్మలు, ఏనుగులు పడుకున్నట్టు రాళ్లు. ఆ గుట్ట మీద వేటకు మా ఏడిళ్లకు వారంలో ఏడు వంతులు. సోమవారం ఒకరిది, మంగళవారం ఒకరిది, అట్లా. ఒకరి రోజున ఇంకొకరు ఉచ్చు పెట్టరు. దసరా పోయాక మొదలు, ఎండలు ముదరగానే బంద్. పిట్టలు గుడ్ల మీదుండే కాలంలో గుట్ట వైపు చూడరు. ఎవరు ఏర్పాటు చేశారో మా మామకే తెలియదు, ఆయన తాత నాటికే ఉందట. మా ఇంటిది ఆదివారం.

వేట నేరమని మాకు తెలియదని అంటే అది బొంకు. తెలుసు. కానీ పట్టుకోవాల్సిన వాళ్లు ఎదురైతే, ఎన్ని దొరికాయని అడిగేవాళ్లే తప్ప ఎందుకు పట్టావని ఎన్నడూ అడగలేదు.

మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేచిన రెండేళ్లకు మీరొచ్చారు. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే వాళ్లకు తీరిక దొరికేది ఆదివారమే. వీపున సంచులు, నెత్తిన టోపీలు, తెల్లారేసరికి గుట్ట మీద. కౌజు పిట్ట పిలిచేదీ తెల్లారే. గొడవంతా అక్కడే పుట్టింది. అదే గుట్ట, అదే రోజు, అదే గంట.

కార్తీకంలో ఒక ఆదివారం మామ ఉచ్చులు పెట్టి బండ వెనక కూర్చున్నాడు. నేను కొంచెం అవతల పుల్లలు ఏరుకుంటున్నాను. మా వాళ్లు పెంపుడు కౌజును చూపించి అడవి కౌజును పడతారు. ఆ పెంపుడు దాన్ని దీమం పిట్ట అంటారు. మా దాని పేరు సిపాయి. పంజరంలో పెట్టి పొద మొదట్లో దించి, చుట్టూ ఉచ్చుల తాడు పరుస్తారు. పొద్దు పొడుస్తుంటే సిపాయి ఆ గుట్టంతా వాడి జాగీరైనట్టు కూస్తాడు. అడవి పుంజుకు రోషం వచ్చి పోట్లాటకు ఉరుకుతుంది, ఉచ్చులో కాలు పెడుతుంది. పెట్ట పడితే మామ వదిలేసేవాడు. ఉచ్చులు గుర్రపు తోక వెంట్రుకలవి. షూటింగులకు గుర్రాలు తెచ్చే సాయిబును బతిమాలి తెచ్చుకుని, తొడ మీద పేని, ఒక్కొక్కటే ముడి వేస్తాడు. ఒక తాడుకు వానాకాలం మొత్తం పడుతుంది.

సిపాయి రెండు కూతలు కూశాడో లేదో, కింద నుంచి ఈలలు, నవ్వులు. ముప్పై మంది దాకా ఎక్కి వచ్చారు. ముందు రఘునందన్ గారు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆయనదీ తెలంగాణే, కానీ మాటలో ఆఫీసు ఇంగ్లీషు ఎక్కువ.

"స్టాప్! ఎవరూ కదలకండి. ట్రాప్స్ ఉన్నాయిక్కడ."

మామ బండ వెనక నుంచి లేచాడు. "సారూ, జర అటు దిక్కు నుంచి పోరాదుండ్రి. పిట్ట పిలుస్తున్నది."

"ఇది ఫారెస్ట్ ల్యాండ్ పెద్దాయనా. పబ్లిక్‌ది. ఇక్కడ పిట్టలు పట్టుమని నీకెవరు పర్మిషన్ ఇచ్చిండ్రు?"

"మీకెవరిచ్చిండ్రు?" అన్నాను, పుల్లల మోపు కింద పడేసి.

"నడవడానికి పర్మిషన్ ఎందుకమ్మా?"

"ఉత్తగ నడుస్తున్నరా? ఏ బండ జూసినా దారికి పసుపు రంగు బాణం గుర్తులే. గుట్టకు పసుపు పూసిండ్రు, పెండ్లి చేస్తరా ఏంది?"

వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వలేదు. జేబులోంచి చిన్న చాకు తీసి, వంగి, తాడును మూడు చోట్ల కోశాడు. కోపంగా కోసినా నాకు అంత మండేది కాదు. దారికి అడ్డం వచ్చిన ముళ్ల తీగ కోసినట్టు, చాలా నిదానంగా కోశాడు.

ఆయన పక్కనుంచి ఒక అమ్మాయి వచ్చి పంజరం దగ్గర కూర్చుంది. పేరు హరిణి అని తర్వాత తెలిసింది. కోస్తా పిల్ల, ఆయన కంపెనీలోనే ఉద్యోగం. "పాపం, బయటికి రారా కన్నా" అంటూ తలుపు తీసింది. సిపాయి బయటికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ఆ అమ్మాయి బూట్ల మధ్య నుంచి నడిచి, ముప్పై మందినీ దాటి, పోయి మామ కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"ఎగరదేంటండీ? రెక్కలు కోసేశారా?"

"రెక్కలున్నయి బిడ్డా. వానికి పోబుద్ధి గాదు" అన్నాడు మామ. తెగిన తాడు ముక్కలు ఏరుతూనే అన్నాడు. హరిణి ముఖం చిన్నబోయింది. మామ సిపాయిని పంజరంలో పెడితే తలుపు తనే వేసింది.

మామ తెగిన తాడును ముడులేసి మళ్లీ పెట్టాడు, తర్వాతి రెండు ఆదివారాలూ రచ్చే. ఒకసారి మా కుక్క ఒకాయన ప్యాంటు పట్టుకుని చింపింది. ఇంకోసారి ఎవరో కావాలని డబ్బా కొడుతూ గుట్టంతా తిరిగారు, ఒక్క పిట్ట పలకలేదు. నేను నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని పసుపు బాణాల మీద పేడ పూసి వచ్చాను. ఆ మాట దాచడమెందుకు. మీరు మళ్లీ రంగు వేశారు, మేము మళ్లీ పేడ పూశాం.

ఇంట్లో మంట నర్సింహ వైపు నుంచి లేచింది. మీ సంఘం ప్రెసిడెంటు వీరరాఘవయ్య గారు సినిమా నిర్మాత. మా ఆయన పని చేసే సెట్టు ఆయనదే.

"ప్రొడక్షన్ మేనేజర్ పిలిచి చెప్పిండు" అన్నాడు నర్సింహ, అన్నం ముందు కూర్చుని. "నీ బాపును గుట్ట దిగమను, లేకుంటే నువ్వు సెట్టు దిగు అన్నడు."

"అయితే దిగు" అన్నాడు మామ.

"దిగి? నీ లెక్క సమ్మెట పట్టాల్నా?"

"పడితే ఏమైతది? చేతులు అరుగుతయా?"

"ఒక్క రోజు మార్చుకోరాదు మామా" అన్నాను నేను. "బుధవారం వాళ్లను అడుగుదాం."

మామ నా వైపు చూశాడు. "ఆదివారం గాళ్లకు ఇచ్చేసి, నేను పోయి ఇంకొకని బుధవారం గుంజుకోవాల్నా? గప్పుడు వాడెవలది గుంజుకుంటడు?"

కంచాలు ఎత్తాను. కానీ ఊరుకునే రకం కాదు నేను. మరునాడే స్టూడియో గేటు దగ్గర వీరరాఘవయ్య గారి కారుకు అడ్డం నిలబడ్డాను. కూర్చుని మాట్లాడదాం, మీ వాళ్లను పిలవండి, మా వాళ్లను నేను తెస్తానన్నాను. ఆయన అద్దం దించి నన్ను ఎగాదిగా చూసి, "ఏవమ్మా, డైలాగులు బాగానే చెబుతున్నావ్. గురువారం సాయంత్రం ఇంటికి రండి" అన్నాడు.

గురువారం ఏడిళ్ల మగవాళ్లూ, నేనూ పోయాం. తలుపు తీసింది వాళ్ల వంటావిడ సత్యలక్ష్మి. నన్ను పక్కకు లాగి చెవిలో, "కౌజులు తేవడం మానేశారేమే బాలమణీ? అయ్యగారు పులుసు కావాలని మూడు వారాలుగా ప్రాణం తీస్తున్నారు" అంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

వరండాలో రెండు గంటలు కూర్చున్నాం. నిజం చెప్పాలి, ఆ రోజు రఘునందన్ గారు మంచిగానే మాట్లాడారు. తాడు కోసినందుకు మామకు అందరి ముందూ సారీ చెప్పారు. నైలాన్ దారం ఉండ ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. మామ తిప్పి తిప్పి చూసి ఇచ్చేశాడు. "గిది కాలు కోస్తది సారూ. పెట్టను వదిలిపెట్టినా కుంటుకుంట పోతది. మా పని మాకే మంచిగుంటది." ఆయన ఆ మాటను చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

రాజీ కుదిరింది. గుట్ట నడుమ నిలువు బండ. దానికి తూర్పున వేట, పడమట నడక. ఉచ్చు పెట్టిన రోజున నిలువు బండ దగ్గర కొమ్మకు ఎర్ర గుడ్డ కట్టాలి. గుడ్డ కనబడితే మీరు అటు రారు, ఉచ్చులు కోయరు. మేము మీ దారిలో ఉచ్చులు పెట్టం, కుక్కను కట్టేస్తాం, బాణాల మీద పేడ పూయం.

"నేను టైప్ చేయించి తెస్తా" అన్నారు రఘునందన్ గారు.

"ఇంగ్లీషుల తెస్తే మాకేం తెలుస్తది? తెలుగుల రాయాలె. నేనే రాస్త" అన్నాను.

బడి మొహం చూడలేదు నేను. యూసుఫ్‌గూడ గోడల మీది సినిమా పోస్టర్లు కూడబలుక్కుని, అట్లా నేర్చుకున్నాను. మా ఏడిళ్లలో రాత వచ్చింది నాకొక్కదానికే. మామ నా పక్కకు జరిగి కూర్చున్నాడు, నేను రాస్తుంటే ఒక్కొక్క అక్షరం పుట్టడం చూస్తూ.

హరిణి కాగితాలు అందించింది. "ఏ రోజు ఎవరిదో కూడా రాసెయ్యండక్కా. గుడ్డ కట్టకపోతే ఎవరినడగాలో మాకు తెలుస్తుంది."

బాగానే ఉంది కదా అనుకున్నాను. సోమవారం ఎవరిది, మంగళవారం ఎవరిది, ఆదివారం వెంకటనర్సయ్యది, ఇంటి పేర్లతో సహా రాశాను.

"అసలు పైన ఏమేముంటయి?" అని రఘునందన్ గారు మామను అడిగారు. మనసులో ఏదో పెట్టుకుని అడగలేదు. తెలుసుకోవాలనే అడిగారు. మా మామను గుట్ట గురించి అంత శ్రద్ధగా అడిగిన మొదటి పెద్దమనిషి ఆయనే. మామ పొంగిపోయాడు. కౌజులు ఏ పొదల్లో గుడ్లు పెడతాయో, కుందేళ్లు ఏ బండ సందున పగలు పడుకుంటాయో, ఉడుము ఎక్కడ ఎండ కాగుతుందో, ఏడిళ్లలో ఎవరి చేతికి ఏది చిక్కుతుందో అన్నీ చెప్పాడు. చెప్పినవన్నీ నేను రాశాను. తక్కువైతే మాకు చిన్నతనం అనిపించింది. ఆ రోజు మా ఏడిళ్ల గొప్పే కదా రాస్తున్నాను అనుకున్నాను.

రెండు కాగితాలయ్యాయి. మొదటి దానిలో మా పేర్లు, మా రోజులు, మేము పట్టేవి. కింద ఏడు వేలిముద్రలు. రెండో దానిలో మీ మాట. "నిలువు బండకు తూర్పున వీరి వేటకు మేము అడ్డు రాము, వీరు మా నడకకు అడ్డు రారు" అని. దాని కింద వీరరాఘవయ్య గారి సంతకం, రఘునందన్ గారి సంతకం, మీలో ఇంకో ఏడుగురివి. తొమ్మిది సంతకాలు. జిరాక్స్ తీయించి మాకూ ఒకటి ఇస్తానని ఆయన రెండు కాగితాలూ తీసుకున్నారు. నేను అడగడం మరిచాను. ఆయన ఇవ్వడం మరిచారు.

నాలుగు ఆదివారాలు గుట్ట మీద మాట గట్టిగా వినబడలేదు. ఎర్ర గుడ్డ చూసి మీరు పడమటికి మళ్లేవాళ్లు. హరిణి మాత్రం నిలువు బండ దాకా వచ్చి, మామ పిలిస్తే ఇవతలికి వచ్చి, చప్పుడు చేయకుండా కూర్చునేది. నోటితో కౌజు కూత నేర్చుకోవాలని చూసింది. రాలేదు.

"గట్ల గాదు బిడ్డా, గొంతుల నుంచి. నువ్వు ఫోన్ల మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్ పిట్టతోటి" అని మామ ఎగతాళి చేసేవాడు. ఆ పిల్ల నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వేది.

నర్సింహకు సెట్టు పని పోకుండా నిలిచింది. మా ఇంట్లో నా మాటకు విలువ పెరిగింది. పక్కింటి జగదాంబ రేషన్ కార్డు దరఖాస్తు రాయమని వచ్చింది. నేను కాలు మీద కాలేసుకుని రాసిచ్చాను.

పుష్యంలో ఒక ఆదివారం. పొద్దు గడిచి తొమ్మిదైంది. మామ పంజరంతో, రెండు కౌజులతో దిగి వచ్చి గడపలో కూర్చున్నాడు. నేను నీళ్లిస్తున్నాను. జీపు వచ్చింది. ఖాకీ బట్టల్లో నలుగురు. ఆఫీసరు దిగి, చేతిలో కాగితం చూసి, "ఆదివారం... వెంకటనర్సయ్య ఎవరు?" అన్నాడు.

"నేనే" అన్నాడు మామ.

"పట్టుకున్నవి చూపించు."

దాచే ఆలోచన కూడా రాలేదు ఆయనకు. సంచి విప్పి చూపించాడు. ఆఫీసరు కాగితం మీద వేలు పెట్టి మిగిలిన పేర్లు చదివాడు. సోమవారం. మంగళవారం. వరుస తప్పలేదు. నేను దగ్గరికి పోయి చూశాను. జిరాక్స్ కాగితం. మొదటిది ఒక్కటే.

మామ కూడా మెడ చాచి చూశాడు. ఆయనకు చదువు రాదు. కానీ ఆ రోజు వరండాలో రెండు గంటలు కళ్లార్పకుండా చూసినవి కదా ఆ అక్షరాలు.

"నీ రాతనే గదా బిడ్డా?"

"అవును మామా."

"గుండ్రంగ, మంచిగున్నది" అన్నాడు. నీళ్ల గ్లాసు నా చేతికి ఇచ్చి, చెప్పులు తొడుక్కుని, పోయి జీపు ఎక్కాడు.

సిపాయిని పంజరంతో సహా తీసుకుపోయారు. రెండు రోజులకు దాన్ని గుట్ట మీద వదిలారు, ఫోటో తీసుకున్నారు. మనిషి చేతి గింజ తప్ప తినడం తెలియని పిట్ట. మూడో నాడు నర్సింహ పోయి వెతికితే ఈకలు దొరికాయి. ఆయన నాకు చెప్పలేదు, నేనే అంగీ జేబులో చూశాను.

మామను పట్టుకుపోయిన మరునాడు, సోమవారం తెల్లారేసరికే ఆరిళ్లకు తాళాలు పడ్డాయి. కొందరు బోరబండ వైపు, కొందరు మోతీనగర్‌లో చుట్టాల ఇళ్లకు. కాగితాల్లో వాళ్లు ఇప్పటికీ పరారీలో ఉన్నట్టే. పోయేముందు జగదాంబ మా గుమ్మం ముందు ఆగింది.

"నా దరఖాస్తు గూడ చింపేసుకున్న" అంది. "నీ అక్షరాలు వద్దు తల్లీ మాకు. నోరు మూసుకుని బతికినన్ని రోజులు మంచిగనే బతికినం."

నర్సింహ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నెల రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున ఒక్కటే అన్నాడు. "రాయకుంటే నోటి మాటగనే ఉంటుండె. నోటి మాటను ఎవడు జిరాక్స్ తీస్తడు?"

మామ పందొమ్మిది రోజులు జైల్లో ఉండి జామీను మీద వచ్చాడు. ఎండాకాలం వచ్చేసరికి గుట్టను పార్కు చేశారు, చుట్టూ ఇనుప కంచె, ఒక గేటు. గేటు తెరిచిన రోజు మీరందరూ తెల్ల బనియన్లు వేసుకుని ఫోటోలు దిగుతుంటే నేను వచ్చాను. గుర్తుందా? రఘునందన్ గారిని అందరి మధ్య నిలబెట్టి అడిగాను.

"మా కాగితం అడవి ఆఫీసుల ఎట్ల వడ్డది సారూ?"

ఆయన తప్పించుకోలేదు. "గుట్టను బిల్డర్లు అడుగుతున్నరమ్మా. ఫైలు కూడా కదిలింది. పైన జంతువులు, పక్షులు ఉన్నయని రుజువు చూపిస్తే తప్ప గుట్ట దక్కదు. సర్వే చేయించే టైం లేదు. మీ మామ చెప్పినంత వివరంగా ఏ సర్వే ఉంటది చెప్పు? అందుకే అర్జీకి జత చేసిన. గుట్టను కాపాడింది మీ కాగితమే, తెలుసా?"

ఆయన చెప్పింది నిజం. అదే నాకు మింగుడు పడదు. గుట్ట దక్కింది.

"మా పేర్లు కొట్టేసి పెట్టరాదా?"

ఆయన చేతిలోని గేటు తాళం జేబులో వేసుకున్నారు. తర్వాత, "ఆలోచించలేదు" అన్నారు.

"మరి రెండో కాగితమేది? మీ సంతకాలున్నది?"

"అది... దాంట్ల మా పేర్లున్నయి కదా. వకీలు వద్దన్నడు."

"అంటే మీ పేర్ల సంగతి ఆలోచించిండ్రు."

హరిణి ఒక్కతే తల దించుకుంది. వీరరాఘవయ్య గారు గడియారం చూసుకుని, "టిఫిన్ చల్లారిపోతోందండీ" అన్నారు. అందరూ కదిలారు. పోతూ పోతూ రఘునందన్ గారు నా దగ్గరకు వచ్చి, కోర్టులో అవసరమైతే నేను చెబుతానమ్మా అన్నారు. ఆ మాట చెప్పి పదహారు నెలలైంది. ఇంటికి పోతే మీటింగులో ఉన్నారన్నారు. ఆఫీసుకు పోతే గేటు దాటనియ్యలేదు. హరిణి బెంగుళూరు కంపెనీకి మారిందట.

మేము ఇప్పుడు మోతీనగర్‌లో ఒక గదిలో కిరాయికి ఉంటున్నాం. నర్సింహను సెట్టు నుంచి తీసేశారు, సమ్మెట పట్టాడు. మామకు పని చేసే వయసు కాదు. తెల్లారగానే లేచి, ఎక్కడికి పోవాలో తెలియక మంచం మీదే కూర్చుంటాడు. నన్ను ఇప్పటివరకు ఒక్క మాట అనలేదు. కేసు రుజువైతే మూడేళ్ల దాకా పడొచ్చని వకీలు చెప్పాడు. కోర్టులో ఉన్న సాక్ష్యమల్లా నా రాతలో ఉన్న ఆ ఒక్క కాగితం, ఆనాటి రెండు పిట్టలు. అది చదివితే ఏడిళ్ల వాళ్లు ముఠా కట్టి, రోజులు పంచుకుని అడవిని దోచినట్టే ఉంటుంది. రెండోది పక్కన పెట్టి చదివితేనే తెలుస్తుంది, అది ఇద్దరి మధ్య రాజీ అని, నడిచేవాళ్లు చూసి, ఒప్పుకుని, సంతకం చేశారని. వేట నేరమైతే నేరమే. శిక్ష వేస్తే వేయనీ. కానీ ఆ నేరానికి సరేనన్న వాళ్లలో వేలిముద్రలు వేసినవాళ్లే బోనులో ఎందుకుండాలి, సంతకాలు చేసినవాళ్లు గేటు లోపల ఎందుకుండాలి?

వచ్చే మంగళవారం నాంపల్లిలో వాయిదా. మామ తరఫున సాక్ష్యం చెప్పడానికి అదే చివరి రోజు. ఆ తర్వాత తీర్పే.

రఘునందన్ గారూ, ఆ రెండో కాగితం మీ బీరువాలో ఉంది. చింపే మనిషి కాదు మీరు, ఆ మాత్రం మిమ్మల్ని ఎరుగుదును. దాన్ని తీసుకుని రండి. వీరరాఘవయ్య గారూ, మీరూ రండి, మీ సంతకం మీదేనని చెప్పండి. మిగతా ఏడుగురి పేర్లూ నాకు గుర్తున్నాయి, ఇక్కడ రాయడం లేదు. పేర్లు రాస్తే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది. కానీ మంగళవారం మీరు రాకపోతే బుధవారం రాస్తాను. పెద్ద అక్షరాలతో, పార్కు గేటు ఎదురుగా గోడ మీద రాస్తాను.

పదకొండు గంటలకు పిలుస్తారు. లిఫ్ట్ లేదు, రెండంతస్తులు ఎక్కాలి. మీకు నడక అలవాటే కదా, ఎక్కి రండి.